చిన్న ఆసుపత్రిలో నైట్ డ్యూటీ: జీఎన్ఎం (నర్సింగ్ డిప్లొమా) విద్యార్థులకు

పల్లెటూరి ఆసుపత్రికి అనుబంధంగా నడిచే నర్సింగ్ స్కూల్లో రాత్రి డ్యూటీ అంటే వార్డుకి ఒక స్టాఫ్ నర్సు, ఒక ఆయా, మీరు. డాక్టరు గారు క్వార్టర్స్‌లో ఉంటారు, కబురు పెడితే వస్తారు. ఎప్పుడు పిలవాలో స్టాఫ్ సిస్టర్ తేల్చుకుంటారు గానీ, చాలాసార్లు మీరు చార్టులో వేసిన అంకెలు చూసే తేల్చుకుంటారు. లెక్కపెట్టకుండా రాసిన అంకె కన్నా ఖాళీగా వదిలేసిన గడే నయం. ఖాళీ కనబడితే ఎవరో ఒకరు అడుగుతారు.

జేబులో సెకన్ల ముల్లున్న వాచీ, చిన్న టార్చి, కత్తెర, నీలం, ఎరుపు పెన్నులు (చాలాచోట్ల రాత్రి నోట్సు ఎరుపుతో రాయిస్తారు), చిన్న నోటుబుక్కు ఉండాలి. ఫోన్ లైటుతో సరిపెట్టుకోవద్దు. కడిగిన చేత్తో ఫోను పట్టుకుంటే కడిగిన ఫలితం పోతుంది. గాజులు, ఉంగరాలు హాస్టల్లో వదిలేయండి. తెల్లవారుజామున మూడు నుంచి ఐదు మధ్య నిద్ర ముంచుకొస్తుంది. ఆ వేళకి కూర్చుని రాసే పని పెట్టుకోకుండా వార్డు రౌండు పెట్టుకోండి.

హ్యాండోవర్ (డ్యూటీ అప్పగింత) టేబుల్ దగ్గర కాదు, మంచం మంచం దగ్గరా తీసుకోవాలి. సీసాలో ఎంత సెలైన్ మిగిలింది, కాన్యులా (నరంలో పెట్టిన సన్నని గొట్టం) చుట్టూ వాపు గానీ ఎరుపు గానీ ఉందా, కట్టు తడిసిందా, మూత్రం సంచీలో ఎంత ఉంది, రోగి ఏమైనా తిన్నాడా అన్నవి మీ కళ్లతో చూడండి. తర్వాత ఆక్సిజన్ సిలిండరు తెరిచి గేజి ముల్లు చూడండి. తాళంచెవి సిలిండరుకే కట్టి ఉండాలి. కరెంటు పోయిన చీకట్లో దాన్ని వెతుక్కునే పరిస్థితి రాకూడదు. సక్షన్ మిషన్ (గొంతులో కఫం లాగేది) ఒకసారి ఆడించండి, యాంబు బ్యాగుకి (చేత్తో నొక్కి ఊపిరి అందించే సంచీ) మాస్కు ఉందో లేదో చూడండి.

వైటల్స్

వైటల్స్ అంటే నాడి, శ్వాస, బీపీ లాంటి కొలతలు. విద్యార్థుల చార్టుల్లో ఎక్కువగా అబద్ధమయ్యేది శ్వాస లెక్క. వార్డు మొత్తానికి 20 అని రాసేస్తారు. నిమోనియా అయినా, గుండె జబ్బు అయినా, విషం తాగిన కేసు అయినా తేడా ముందు తెలిసేది చాలాసార్లు అక్కడే. నాడి చూశాక చెయ్యి వదలకుండా, ఇంకా నాడే చూస్తున్నట్టు ఉండి, ఛాతీ కదలికలు పూర్తి నిమిషం లెక్కపెట్టండి. ఊపిరి లెక్కపెడుతున్నారని తెలిస్తే రోగి తీరు మార్చేస్తాడు. పెద్దవాళ్లకి 12 నుంచి 20 వరకూ మామూలే. పెరుగుతూ పోతుంటే 24 దాటే దాకా ఆగకుండా చెప్పండి.

బీపీ చూసేముందు ఐదు నిమిషాలు కదలకుండా, మాట్లాడకుండా ఉండనివ్వండి. కఫ్ (చేతికి చుట్టే పట్టీ) అంచు మోచేతి మడతకి రెండు వేళ్లు పైన, చెయ్యి గుండె ఎత్తున ఉండాలి. ముందు మణికట్టు నాడి పట్టుకుని గాలి కొట్టండి. నాడి ఎక్కడ ఆగిందో దానికి 30 పైదాకా ఎక్కించి, సెకనుకి 2, 3 చొప్పున దింపండి. చీర జాకెట్టు చెయ్యి బిగుతుగా పైకి లాగి చూస్తే లెక్క తప్పుతుంది. పెద్ద చేతికి చిన్న కఫ్ కడితే ఎక్కువ చూపిస్తుంది. గర్భిణికి 140/90 గానీ అంతకు మించి గానీ వచ్చి, తలనొప్పి, కళ్లు మసకలు అంటే తెల్లారేదాకా ఆగొద్దు.

సెలైన్ చుక్కలు

సెట్టు (సెలైన్ ఎక్కించే ట్యూబు) ప్యాకెట్ మీద మిల్లీలీటరుకి ఎన్ని చుక్కలో ఉంటుంది. మామూలు సెట్లలో తరచుగా 20, మైక్రో సెట్టులో 60. ఇవ్వాల్సిన మిల్లీలీటర్లని ఆ సంఖ్యతో గుణించి, మొత్తం నిమిషాలతో భాగించండి. 500 మి.లీ. ఆరు గంటల్లో వెళ్లాలంటే 500 × 20 ÷ 360, అంటే నిమిషానికి 28 చుక్కలు, పావు నిమిషానికి 7. మైక్రో సెట్టులో గంటకి ఎన్ని మిల్లీలీటర్లో నిమిషానికి అన్ని చుక్కలు, భాగహారం అక్కర్లేదు.

సీసాకి నిలువుగా ప్లాస్టరు పట్టీ అంటించి, ఏ గంటకి ఎక్కడిదాకా దిగాలో గీతలు గీయండి. గంటకోసారి టార్చి వేస్తే తెలిసిపోతుంది. ఆగిపోతే చెయ్యి మడిచాడా, ట్యూబు ఒంటి కింద నలిగిందా, ఎయిర్ వెంట్ (సీసాలోకి గాలి వెళ్లే దారి) మూసుకుందా చూడండి. వాపు ఉంటే ఆపి సిస్టర్‌కి చెప్పండి, నొక్కి తోయొద్దు. "నీరసంగా ఉంది, తొందరగా ఎక్కనీ" అని ఇంటివాళ్లే చుక్కల వేగం మార్చే చక్రం తిప్పేస్తుంటారు. చుక్కలు ఎందుకు లెక్కపెట్టామో పడుకునేముందే వాళ్లకి చెప్పండి. వెనకబడిన సెలైన్‌ని వేగం పెంచి అందుకోవాలని చూడకండి. గుండె, కిడ్నీ రోగులకి ఊపిరితిత్తుల్లో నీరు చేరుతుంది.

పాము కాటు వచ్చిన రాత్రి

వానాకాలంలో ఇది తప్పదు. కట్లపాము రాత్రిపూట నేల మీద పడుకున్నవాళ్లని కరుస్తుంది, గాటు కనిపించకపోవచ్చు. కడుపునొప్పి, రెప్పలు వాలడం, మింగలేకపోవడం చెబితే కాటు గుర్తు లేదని తేలిగ్గా తీసుకోవద్దు. రోగిని పడుకోబెట్టి, కాలు గానీ చెయ్యి గానీ కదలకుండా ఉంచండి. ఇంటివాళ్లు బిగించి కట్టిన తాడుని డాక్టరు రాకుండా ఊడదీయకండి. విషం ఒక్కసారిగా పాకే ప్రమాదం ఉంది.

రక్తపింజరి విషానికి 20 నిమిషాల పరీక్ష చేస్తారు. ఆ విషం ఎక్కితే రక్తం గడ్డకట్టదు, అదే ఇందులో చూసేది. 2 మి.లీ. తాజా రక్తం, కొత్త, పొడి గాజు ట్యూబు కావాలి. ప్లాస్టిక్ ట్యూబులోనూ, సబ్బుతో కడిగిన ట్యూబులోనూ గడ్డ సరిగ్గా కట్టదు, లేని విషం ఉన్నట్టు చూపిస్తుంది. కదపకుండా 20 నిమిషాలు నిలబెట్టి, ఒక్కసారే వంచి చూడాలి. మధ్యమధ్యలో వంచి చూడటమే ఇక్కడ మామూలుగా జరిగే పొరపాటు.

యాంటీ వెనం (పాము విషానికి విరుగుడు మందు) పొడి సీసాలోకి నీరు పోశాక గుండ్రంగా తిప్పి కరిగించాలి. గట్టిగా ఊపితే నురగ వస్తుంది. పెద్దవాళ్లకి మొదటి మోతాదు మామూలుగా 10 సీసాలు. ఎక్కించేముందు అడ్రినలిన్ (మందు పడక ఒళ్లు వికటిస్తే ఇచ్చే ఇంజెక్షన్) సిరంజిలో సిద్ధంగా ఉందో లేదో సిస్టర్‌ని అడగండి. మొదలుపెట్టాక మొదటి అరగంట ప్రతి ఐదు నిమిషాలకీ చూడండి. దురద, దద్దుర్లు, వణుకు, వాంతి, పిల్లికూతల్లో ఏది కనిపించినా వెంటనే చక్రం మూసి కేకేయండి.

సూదికి మళ్లీ మూత పెట్టవద్దు. సూది తెల్ల డబ్బాలోకి, సెలైన్ సెట్టు, గ్లవ్స్ ఎర్ర సంచీలోకి, రక్తం అంటిన దూది పసుపులోకి, గాజు సీసాలు నీలంలోకి. గుచ్చుకుంటే పిండకుండా, నోట్లో పెట్టుకోకుండా, పారే నీళ్లలో సబ్బుతో కడిగి అప్పుడే చెప్పండి. హెచ్ఐవీ నివారణ మందు అవసరమైతే రెండు గంటల్లోపు మొదలవడం మంచిది, 72 గంటలు దాటితే పనికిరాదు.

డాక్టరు గారికి ఫోను చేసేది సిస్టరే అయినా, సమాచారం మీ దగ్గర ఉండాలి. "ఐదో మంచం పెద్దాయన బాగాలేడు" అంటే ఏమీ తెలియదు. "ఐదో మంచం, 60 ఏళ్లు, పదింటికి శ్వాస 20, ఇప్పుడు 30, నాడి 116, బీపీ 100/60, తల ఎత్తి పడుకోబెట్టాం" అంటే మాటలోనే పని మొదలవుతుంది.

పొద్దున ఆరింటి వైటల్స్ రాశాక, తాగింది, ఎక్కించింది ఒక పక్క, మూత్రం, వాంతులు ఇంకో పక్క కూడండి. ఆయా పారబోసిన గిన్నె లెక్కలోకి రాదు, కాబట్టి కొలవకుండా పారబోయొద్దని రాత్రే చెప్పి ఉంచండి. నోట్సులో "బాగా నిద్రపోయాడు" అని కాకుండా ఎన్నింటికి లేచాడో, ఏమన్నాడో రాయండి. చేసిన ప్రొసీజర్లకి రికార్డు పుస్తకంలో సంతకం ఆ ఉదయమే పెట్టించుకోండి. ఆ సిస్టర్ మరునాడు సెలవులో ఉండొచ్చు.