క్లిక్ కెమెరా తప్పులు: నెగెటివ్ అంచు చూసి పట్టుకోవడం

బీరువా పైఅరల్లోంచి ఇప్పటికీ బయటపడే పాత కెమెరాల్లో బరోడాలో తయారైన ఆగ్ఫా క్లిక్ 3 ఒకటి. వెనక కాగితంతో వచ్చే 120 సైజు రీలు, 6×6 సెంటీమీటర్ల ఫ్రేములు 12. బ్యాటరీ లేదు, తిప్పాల్సిన ఫోకస్ లేదు. ఇన్ని తక్కువ భాగాలున్న పెట్టెలో వచ్చే తప్పులూ తక్కువే. కాకపోతే రీలు కడిగించాక స్కాన్లతో సరిపెట్టుకోకుండా నెగెటివ్ అడిగి తెచ్చుకోవాలి. ఫ్రేము చుట్టూ ఉండే సన్నటి అంచును స్కాన్లో కత్తిరించేస్తారు. తప్పు ఎక్కడ జరిగిందో చెప్పేది ఆ అంచే.

రీలంతా ఖాళీగా వచ్చింది

అంచు మీద కంపెనీ పేరు, అంకెలు నల్లగా కనిపిస్తున్నాయా? అవి ఫ్యాక్టరీలోనే వెలుతురుతో అచ్చు పడినవి. అవి ఉన్నాయంటే కడగడం సరిగ్గానే జరిగింది, కెమెరాలో షట్టరే తెరుచుకోలేదు. అవి కూడా లేకపోతే డెవలపర్ (బొమ్మను పైకి తెచ్చే మందు) చచ్చిపోయి ఉంటుంది, లేదా దానికంటే ముందు ఫిక్సర్ (బొమ్మను నిలిపే మందు) పోసి ఉంటారు.

షట్టర్ పరీక్షకు రీలు లేకుండా వెనక మూత తీసి, కిటికీ వైపు పట్టుకుని, లోపలి నుంచి చూస్తూ మీట నొక్కండి. రెప్పపాటు గుండ్రటి వెలుగు కనిపించాలి. కనిపించకపోయినా, షట్టర్ ఆకు (వెలుతురుకి అడ్డుండే పలుచటి రేకు) బద్ధకంగా కదిలినా పాత గ్రీజు గట్టిపడిందన్నమాట. అందరూ ఇక్కడే కుట్టుమిషన్ నూనె చుక్క వేస్తారు. అది దుమ్ముని పట్టి ఆకుని ఇంకా బిగించేస్తుంది. సిగరెట్ లైటర్లో పోసే పెట్రోలుతో దూదిపుల్ల కొస తడిపి, ఆకు అంచున అద్ది, ఇరవైసార్లు నొక్కి, ఆరనివ్వండి. లెన్సుకి తగలనివ్వకండి, పొయ్యి దగ్గర ఈ పని పెట్టుకోకండి.

వెలుతురు మరకలు

మరక ఫ్రేము లోపలే ఆగిపోయిందా, అంచుని కూడా కమ్మేసిందా అన్నది ముందు చూడాలి. లోపలే ఆగితే వెలుతురు లెన్సు వైపు నుంచి, షట్టర్ సందులోంచి వస్తోంది. అంచు దాకా పాకితే వెనక వైపు నుంచి.

ఫ్రేము మధ్యలో గుండ్రంగా, ఒక్కోసారి వెనక కాగితం మీది అంకెతో సహా మరక పడితే దోషం ఎర్ర కిటికీది, అంటే ఫ్రేము అంకె చూడ్డానికి వెనక మూతకి ఉండే చిన్న ఎర్ర అద్దానిది. ఆ కిటికీ పెట్టిన రోజుల్లో ఎరుపు వెలుతురు అంటని రీళ్లు ఉండేవి. ఇప్పటి పాన్‌క్రోమాటిక్ (అన్ని రంగుల వెలుతురూ అంటే) రీళ్లకు ఎరుపూ అంటుతుంది. నల్ల ఇన్సులేషన్ టేపు ముక్కను మూతలా అంటించి, రీలు తిప్పేటప్పుడు మాత్రం నీడలో ఎత్తి చూడండి.

రెండు అంచులా పొగలా కమ్మితే రీలు వదులుగా చుట్టుకుంది. ఎక్కించేటప్పుడు కాగితం మీద బొటనవేలు ఒత్తి ఉంచి, బిగువుగా లాగి, అప్పుడే మూత వేయాలి. తీసేటప్పుడూ నీడే. ఇవేవీ కాకపోతే చీకటి గదిలో చిన్న టార్చి లోపల పెట్టి మూసి, కళ్లు చీకటికి అలవాటుపడ్డాక మూత అంచుల చుట్టూ చూడండి. వెలుతురు కారుతున్న గాడిలో నల్ల ఊలు దారం అంటిస్తే చాలు.

నెగెటివ్ కారు నలుపు, ప్రింటు తెల్లబోయింది

ఐఎస్‌ఓ (వెలుతురుని పట్టే వేగం) 400 ఉన్న రీలు వేసి ప్రకాశం బ్యారేజీ మీద మిట్టమధ్యాహ్నం తీస్తే ఇదే జరుగుతుంది. ఎండ లెక్క ప్రకారం ఐఎస్‌ఓ 100కి ఎఫ్16 (లెన్సు రంధ్రం కొలత, అంకె పెరిగేకొద్దీ రంధ్రం చిన్నది) దగ్గర సెకనులో వందో వంతు చాలు. ఈ రకం పెట్టె కెమెరాలు సుమారు ఎఫ్11 దగ్గర యాభయ్యో వంతు తెరుచుకుంటాయి. అంటే 100 రీలుకే నాలుగు రెట్లు వెలుతురు, 400కి పదహారు రెట్లు. నలుపు తెలుపు రీలు నాలుగు రెట్లను ఓర్చుకుంటుంది. బయట ఎండకి 100 వేయండి. 400 ఇప్పటికే ఎక్కించేసి ఉంటే వన్‌టౌన్ సందుల్లో నీడపట్టున ఖర్చు చేయండి, అక్కడ అది చక్కగా సరిపోతుంది.

మసక

ముందున్న మనిషి మసకగా, వెనక కొండ స్పష్టంగా ఉంటే పది అడుగుల లోపల నిలబడి తీశారు. వెనక్కి జరగండి. అంతా ఒకే దిక్కుకి సాగినట్టుంటే చెయ్యి కదిలింది: మోచేతులు పక్కలకు ఆనించి, మీటని పొడవకుండా నెమ్మదిగా నొక్కాలి. మూలలు మాత్రమే మెత్తగా ఉంటే అది ఒంటి గాజు లెన్సు స్వభావం, దాన్ని బాగుచేయడానికి ఏమీ లేదు. అంతటా పాలు కలిపినట్టుంటే లెన్సు వెనక బూజు పట్టింది. మెత్తటి గుడ్డకి ఐసోప్రొపైల్ ఆల్కహాలు అద్ది తుడవాలి. ప్లాస్టిక్ లెన్సయితే సబ్బునీళ్లే. కెమెరాని తోలు కేసులో దాచడం మానేయండి, చెమ్మ పట్టి ఉంచేది అదే.

ఒకదాని మీద ఒకటి రెండు బొమ్మలు

రీలు తిప్పకుండానే మళ్లీ నొక్కారు. నొక్కిన వెంటనే తిప్పడం అలవాటు చేసుకోండి.

ఇంట్లో కడిగితే ముద్దగా, గరుగ్గా వస్తోంది

నీళ్ల వేడి. ఇల్ఫోర్డ్ ఎఫ్‌పీ4 ప్లస్ అనే నలుపు తెలుపు రీలుకి, నీళ్లు కలపని డీ-76 డెవలపర్లో 20 డిగ్రీల దగ్గర 8½ నిమిషాలు. రోహిణీ కార్తెలో గుంటూరు మిద్దె మీది ట్యాంకు నీళ్లు ఆ దరిదాపుల్లో ఉండవు. డెవలపర్, ఫిక్సర్ సీసాలను, కడిగే నీళ్లను కూడా ఒకే ఐసు టబ్బులో నిలబెట్టి అన్నీ ఒకే వేడికి తెచ్చుకోండి. డెవలపర్ చల్లగా, కడిగే నీళ్లు వేడిగా ఉంటే రీలు మీది పూత ముడతలు పడుతుంది. 24 కంటే దిగకపోతే సమయం దాదాపు మూడో వంతు తగ్గించండి, 5 నిమిషాల కంటే కిందికి మాత్రం పోవద్దు, మచ్చలు మచ్చలుగా వస్తుంది. వాడని రీళ్లు ఫ్రిజ్‌లో ఉంచి, తీశాక రెండు గంటలు ఆగి కవరు చించండి. లేకపోతే చెమ్మ పట్టి కాగితం రీలుకి అతుక్కుంటుంది.