గుండె ఆపరేషన్‌లో అనుకోనివి – 4వ పాఠం: ఎడమ పక్కన ఇంకో ఎస్‌వీసీ

ముందు పోయిన పాఠంలో అడిగిన ప్రశ్న సంగతి చూద్దాం. వెంటిలేటర్ మీద ఉన్న పేషెంట్‌ని ఊపిరి బిగబట్టమని అడగలేం. మరి పీఎఫ్‌ఓ (గుండె పై గదులైన రెండు ఏట్రియంల మధ్య మూసుకోకుండా మిగిలిన రంధ్రం) కోసం బబుల్ టెస్ట్ (సిరలో బుడగల సెలైన్ ఇచ్చి ఎకోలో చూడటం) చేసేటప్పుడు వల్సాల్వా (ఊపిరి బిగబట్టి ముక్కడం) ఎలా? బ్యాగ్ నొక్కి ఎయిర్‌వే ప్రెషర్‌ని 30 సెంటీమీటర్ల నీటి దగ్గర పట్టి ఉంచాలి. బుడగలు కుడి ఏట్రియంలోకి రాగానే వదిలేయాలి. కుడి ఏట్రియం ప్రెషర్ ఎడమదాన్ని దాటేది ఆ వదిలిన క్షణంలోనే. మీరు పంపిన జవాబుల్లో పట్టి ఉంచడం అందరూ రాశారు, వదలడం కొందరే రాశారు. వదలకపోతే టెస్ట్ చేసినట్టే కాదు.

ఆ బుడగలతో ఈరోజు ఇంకో పని ఉంది. ఎస్‌వీసీ అంటే తల, చేతుల రక్తాన్ని గుండెకి తెచ్చే పెద్ద సిర, మామూలుగా కుడి పక్కనే ఉంటుంది. ఎడమ పక్కన ఇంకోటి ఉంటే ఈ బుడగలే పట్టిస్తాయి.

కేసు ఇది. 45 ఏళ్ల మనిషి, అయోర్టిక్ వాల్వ్ బాగా లీకవుతోంది, మార్చాలి. వార్డులో తీసిన ఎకో రిపోర్టులో వాల్వ్ గురించి పేజీ నిండా ఉంది, కొరొనరీ సైనస్ (గుండె కండరంలోని రక్తాన్ని కుడి ఏట్రియంలోకి తెచ్చే సిర) మాట ఎక్కడా లేదు. మత్తిచ్చి, ట్యూబ్ వేసి, టీఈఈ ప్రోబ్ (అన్నవాహికలోంచి గుండెని చూసే ఎకో) దించారు. సర్జన్ చేతులు కడుక్కుంటున్నారు. మీకు దొరికేది పదిహేను నిమిషాలు. అందరూ నేరుగా వాల్వ్ దగ్గరికే పోతారు. మీరు ఒక్క నిమిషం కొరొనరీ సైనస్‌కి ఇవ్వండి.

సున్నా డిగ్రీల్లో, నాలుగు గదుల వ్యూలో మొదలుపెట్టండి. ప్రోబ్‌ని కొంచెం లోపలికి దించి, కొన వెనక్కి వంచండి. ఎడమ ఏట్రియం మాయమై, దాని స్థానంలో అడ్డంగా ఒక గొట్టం కనబడుతుంది. అది ట్రైకస్పిడ్ పక్కనే కుడి ఏట్రియంలోకి తెరుచుకుంటుంది. అదే కొరొనరీ సైనస్. తర్వాత 90 డిగ్రీలకు తిప్పండి. రెండు గదుల వ్యూలో స్క్రీన్ ఎడమ వైపు, ఏట్రియానికీ వెంట్రికిల్‌కీ మధ్య గాడిలో, అదే గొట్టం గుండ్రంగా కనబడుతుంది. మామూలుగా ఒక సెంటీమీటర్ లోపే ఉంటుంది. మన పేషెంట్‌లో 1.8 ఉంది.

పెద్దగా ఉందంటే రక్తం ఎక్కువగా వచ్చి పడుతోందన్నమాట, లేదా ముందు దారి ఇరుకైందన్నమాట. కుడి ఏట్రియం ప్రెషర్ బాగా పెరిగినా, ట్రైకస్పిడ్ విపరీతంగా లీకైనా సైనస్ ఉబ్బుతుంది. మన పేషెంట్‌కి ఆ రెండూ లేవు. కొరొనరీ ఫిస్టులా (గుండె ధమని నేరుగా సిరలోకో గదిలోకో తెరుచుకోవడం) లాంటి కారణాలు కూడా ఉన్నాయి గానీ, కుడి పక్క గుండె బాగున్న మనిషిలో ముందు అనుమానించాల్సింది ఎడమ ఎస్‌వీసీనే.

తల్లి కడుపులో ఉన్నప్పుడు అందరికీ రెండు పక్కలా పెద్ద సిరలు ఉంటాయి. ఎడమది ముడుచుకుపోయి ఒక పోగులా మిగులుతుంది. 1850లో దాన్ని వర్ణించిన జాన్ మార్షల్ పేరుతోనే మార్షల్ లిగమెంట్ అంటాం. ముడుచుకుపోకుండా మిగిలితే ఎడమ చేయి, ఎడమ తల నుంచి వచ్చే రక్తం దాని గుండా కొరొనరీ సైనస్‌లోకి దిగుతుంది. మామూలు జనంలో వెయ్యికి ముగ్గురు నుంచి ఐదుగురికి ఉంటుంది, పుట్టుకతో గుండె జబ్బు ఉన్నవాళ్లలో ఇంకా ఎక్కువ. చాలామందికి కుడి ఎస్‌వీసీ కూడా ఉంటుంది కాబట్టి, బతుకంతా తెలియకుండానే గడిచిపోతుంది.

ఇంకో ఆనవాలు చూడండి. ఎడమ ఏట్రియల్ అపెండేజ్‌కీ ఎడమ పై పల్మొనరీ సిరకీ మధ్య మామూలుగా ఒక గట్టు మాత్రమే ఉంటుంది. అక్కడ గుండ్రటి రంధ్రం కనబడితే అదే ఎడమ ఎస్‌వీసీ.

ఇప్పుడు నిర్ధారణ. పది మిల్లీలీటర్ల సిరంజిలు రెండు, ఒక త్రీ-వే (మూడు దారుల కుళాయి). తొమ్మిది మిల్లీలీటర్ల సెలైన్‌లో కాస్త గాలి, కాస్త పేషెంట్ రక్తం కలిపి, రెండు సిరంజిల మధ్య అటూ ఇటూ గట్టిగా నెట్టి, నురుగు రాగానే ఎడమ చేతి లైన్‌లో ఇవ్వండి. బుడగలు ముందు కొరొనరీ సైనస్‌లో, ఆ తర్వాత కుడి ఏట్రియంలో కనబడితే మీ అనుమానం నిజమే. కుడి ఏట్రియంలో కాకుండా ముందు ఎడమ ఏట్రియంలో కనబడితే కథ మారిపోతుంది: ఎడమ చేతి లైన్‌లో చిన్న గాలి బుడగ పోయినా నేరుగా మెదడుకి వెళ్లొచ్చు. ఆ పేషెంట్‌కి ఎడమ చేతిలో ఏ మందూ వెయ్యకండి.

ఇక్కడే ఒక చిక్కు. డ్రేపింగ్ అయి (గుడ్డలు కప్పేసి), చేతులు పక్కకి చుట్టేశాక ఎడమ చేయి అందదు. అందుకే నా కేసులన్నిటికీ ఎడమ చేతి లైన్‌కి ఎక్స్‌టెన్షన్ పెట్టి, త్రీ-వేని తల దగ్గరికి తెచ్చుకుంటాను. ఖర్చు తక్కువ, అవసరం పడిన రోజున విలువ తెలుస్తుంది.

తేలింది, సరే. దాన్ని ఎప్పుడు చెబుతారు? గుండె ఆపిన తర్వాత చెబితే అది వార్త మాత్రమే. క్యాన్యులాలు (రక్తాన్ని హార్ట్-లంగ్ మెషీన్‌కి మళ్లించే గొట్టాలు) వెయ్యకముందు చెబితే ప్లాన్ మారుతుంది.

"సార్, కొరొనరీ సైనస్ 1.8 ఉంది. ఎడమ చేతి బుడగలు ముందు దాంట్లోకే వచ్చాయి. ఎడమ ఎస్‌వీసీ ఉంది, రెట్రోగ్రేడ్ పనిచెయ్యకపోవచ్చు."

ఇంతే చాలు. "అనుకుంటా, చూడాలి" అని నసగకండి. ఆ మెషీన్ నడిపే పెర్ఫ్యూజనిస్ట్‌కి కూడా వినబడేలా చెప్పండి, గొట్టాలు మార్చేది ఆయనే.

రెట్రోగ్రేడ్ ఎందుకు పనిచెయ్యదు? గుండెని ఆపే పొటాషియం ద్రావణాన్ని కొరొనరీ సైనస్‌లో క్యాథెటర్ పెట్టి వెనక నుంచి పంపుతాం. అంత పెద్ద సైనస్‌లో బెలూన్ సరిగ్గా మూసుకోదు. మూసుకున్నా, ద్రావణం గుండె కండరంలోకి పోయే బదులు సులువైన దారిలో పైకి, ఎడమ ఎస్‌వీసీలోకి పోతుంది. పంపు మీద అంకెలు బాగానే కనబడతాయి, గుండె మాత్రం ఆకలితో ఉంటుంది. మన పేషెంట్‌కి ఇంకో ఇబ్బంది: అయోర్టా మొదట్లో ఇద్దామంటే వాల్వ్ లీకు కదా, ద్రావణం వెంట్రికిల్‌లోకి కారి దాన్ని ఉబ్బిస్తుంది. మిగిలిన దారి అయోర్టా తెరిచి, రెండు కొరొనరీల నోళ్లలో నేరుగా ఇవ్వడం. గుండెని ఆపే ఈ ద్రావణాన్నే కార్డియోప్లీజియా అంటాం. మామూలు బ్లడ్ కార్డియోప్లీజియా అయితే సుమారు 20 నిమిషాలకోసారి ఇవ్వాలి, డెల్ నిడో అనే ఇంకో రకం అయితే గడువు ఎక్కువ. ఎప్పుడు ఇచ్చారో మీరూ టైం రాసుకోండి.

ఇదే మనిషికి ఏఎస్‌డీ (రెండు ఏట్రియంల మధ్య గోడలో రంధ్రం) మూయాల్సి వచ్చి ఉంటే తలనొప్పి వేరు. రెండు సిరల్లో క్యాన్యులాలు వేసి ఏట్రియం తెరిచినా, సైనస్ నుంచి రక్తం వరదలా వస్తూనే ఉంటుంది. ఎడమ ఎస్‌వీసీని బిగించాలంటే రెండు పక్కల్నీ కలిపే ఇన్నామినేట్ సిర బాగా ఉందో లేదో సర్జన్ చూసుకోవాలి. అది లేకుండా బిగిస్తే ఎడమ తల రక్తానికి దారి ఉండదు. ఎడమ నిర్స్ (నుదుటి మీది సెన్సర్ చూపే మెదడు ఆక్సిజన్) అంకె పడిపోవడం, మొహం ఉబ్బడం ముందు గమనించాల్సింది మీరే. అప్పుడు మూడో క్యాన్యులా వెయ్యాలి, లేదంటే సైనస్‌లో సక్కర్ (రక్తం పీల్చే గొట్టం) పెట్టాలి. బైపాస్ గ్రాఫ్టుల కేసు అయితే, కుడి ఏట్రియంలో ఒక్క క్యాన్యులాతో పని జరుగుతుంది కాబట్టి, రెట్రోగ్రేడ్ తప్ప ఇంకే చిక్కూ లేదు.

ఒక పాత సంగతి. రెసిడెంట్‌గా ఉన్నప్పుడు ఎడమ మెడలో లైన్ వేశాను. ఎక్స్‌రేలో అది కుడికి తిరగకుండా ఎడమ పక్కనే నిటారుగా కిందికి దిగింది. ఆర్టరీలో పడిందని టెన్షన్‌తో పీకేశాను. ట్రాన్స్‌డ్యూసర్ పెట్టి ప్రెషర్ వేవ్ చూడలేదు, బ్లడ్ గ్యాస్ పంపలేదు. అది సిరే. సీటీలో ఎడమ ఎస్‌వీసీ స్పష్టంగా ఉంది, నేనే ఫిల్మ్ తెరవలేదు. మీరు తెరవండి: కేసుకి ముందు రోజు సీటీ ఉంటే, అయోర్టిక్ ఆర్చ్ పక్కన ఎడమవైపు గుండ్రం ఉందేమో చూడండి.

వచ్చే పాఠానికి ప్రశ్న. ఇదే కేసులో కుడి చేతి నుంచి ఇచ్చిన బుడగలు కూడా ముందు కొరొనరీ సైనస్‌లోనే కనబడ్డాయి. కుడి మెడ నుంచి పల్మొనరీ ఆర్టరీ క్యాథెటర్ వెయ్యమని సర్జన్ అడుగుతున్నారు. అది ఏ దారిలో పోతుంది, మీరు ఆయనకి ఏం చెబుతారు? బొమ్మ గీసి పంపండి, రాత అక్కర్లేదు.