మ్యూజియం సేకరణకు అంతర్జాల వాకిలి: 3వ పాఠం – తేదీల నుంచి కాలరేఖ

మొదటి పాఠంలో మనం ఖాళీ సెర్చ్ బాక్సుతో మొదలయ్యే మ్యూజియం పేజీని విమర్శించాము. చీరల కొట్టులోకి అడుగుపెట్టిన మనిషికి ముందు నాలుగు రకాలు పరిచి చూపించి, ఆ తరువాతే అంచు, రంగు, ధర అడుగుతారు. లోపల ఏమున్నదో తెలియనివారిని "మీకేం కావాలో రాసివ్వండి" అని గుమ్మంలో నిలబెట్టరు. అడగకముందే సేకరణ విస్తారాన్ని చూపే పేజీలను ఆస్ట్రేలియా పరిశోధకుడు మిచెల్ వైట్‌లా 2015 నాటి తన వ్యాసంలో ఉదారమైన ఇంటర్‌ఫేస్‌లు అన్నాడు. రెండవ పాఠంలో న్యూయార్క్‌లోని మెట్రోపాలిటన్ మ్యూజియం ఉచితంగా అందిస్తున్న పట్టికను దించుకొని, మనకు అక్కరలేని నిలువు వరుసలను తీసివేశాము. ఇప్పుడు ఆ పట్టికలోని తేదీలతో, మొత్తం సేకరణను ఒక్క చూపులో పరిచే కాలరేఖను కట్టుకుందాము.

తేదీతోనే ఎందుకు మొదలుపెట్టాలంటే, కళాకారుడి పేరు చాలా వస్తువులకు ఉండదు, స్థలం పేరు ఒక్కో శాఖలో ఒక్కో విధంగా ఉంటుంది, కాలం మాత్రం ఏదో ఒక రూపంలో దాదాపు ప్రతి వస్తువుకూ రాసి ఉంటుంది. పైగా ముందు, వెనుక అనే వరుస ఎవరికీ నేర్పనక్కరలేదు. అయితే ఇదే అన్నిటికంటే ఎక్కువగా మోసం చేసే వరుస కూడా. చూడటానికి అంకెలా కనిపించినా, మ్యూజియం తేదీ చాలా సందర్భాల్లో ఒక క్యురేటరు (సేకరణను చూసుకునే నిపుణుడి) అభిప్రాయం.

మెట్రోపాలిటన్ పట్టికలో తేదీకి మూడు వరుసలున్నాయి. ఒకటి మాటల్లో రాసినది: సుమారు 1750, 13వ శతాబ్దం, 2–3 శతాబ్దాలు వంటివి. మిగతా రెండూ యంత్రం కోసం ఇచ్చిన అంకెలు: ఆ వస్తువు తయారై ఉండగల తొలి సంవత్సరం, చివరి సంవత్సరం. ఈ విభజనను మన ఇంటర్‌ఫేస్‌లో కడదాకా నిలుపుకోవాలి. లెక్క కట్టడానికి అంకెలు వాడాలి, చూసేవారికి మాత్రం మ్యూజియం రాసిన మాటలే చూపాలి. "13వ శతాబ్దం" అని ఉన్న కంచు విగ్రహం కింద "1200–1299" అని వేస్తే, మ్యూజియం ఎన్నడూ ప్రకటించని ఖచ్చితత్వాన్ని మనం దానికి అంటగట్టినవాళ్ళమవుతాము.

మీరు పని చేస్తున్న సేకరణలో మాటల తేదీ ఒక్కటే ఉంటే, ఆ రెండు అంకెలనూ మీరే తయారు చేసుకోవాలి. అప్పుడు కొన్ని నిర్ణయాలు తప్పవు. సుమారు 1750 అంటే అటు ఇటు ఐదేళ్ళా, పదేళ్ళా? 13వ శతాబ్దం 1200లో మొదలవుతుందా, 1201లోనా? కాకతీయుల కాలం అని మాత్రమే రాసి ఉన్న శిల్పానికి, రుద్రదేవుడు స్వతంత్రుడైనట్లు తెలిపే హనుమకొండ శాసనం నాటి 1163 నుంచి ఓరుగల్లు పతనమైన 1323 దాకా తీసుకోవాలా, వాళ్ళు సామంతులుగా ఉన్న కాలాన్నీ కలుపుకోవాలా? శాతవాహనుల ఆరంభం దగ్గరికి వస్తే చరిత్రకారులలోనే ఏకాభిప్రాయం లేదు. వీటికి ఒకే సరైన జవాబు ఉండదు కనుక, మీరు ఎంచుకున్న జవాబులన్నిటినీ ప్రోగ్రాములో అక్కడక్కడ చల్లకుండా ఒక చిన్న పట్టికలో, ఒకే చోట రాసిపెట్టండి. రేపు ఒక క్యురేటరు వచ్చి అభ్యంతరం చెబితే ఆ ఒక్క పంక్తి మారిస్తే సరిపోవాలి.

ఇక గీయడం. నేను మొదటిసారి ఇటువంటి కాలరేఖ గీసినప్పుడు, ప్రతి వస్తువునూ దాని తొలి సంవత్సరం దగ్గర లెక్కపెట్టి, దశాబ్దానికొక నిలువు పట్టీ చొప్పున వేశాను. 1600, 1700, 1800 దగ్గర తాటిచెట్లు లేచాయి, నడుమ గడ్డి మొలిచినట్లు ఉంది. కళాకారులు ప్రతి శతాబ్దపు తొలి ఏడాదిలోనే ఒళ్ళు విరుచుకొని పనిచేసి తక్కిన కాలమంతా నిద్రపోయారని ఆ బొమ్మ చెబుతున్నది. నిజానికి అది కళ చరిత్ర కాదు, కేటలాగు రాసేవారి అలవాటు. 18వ శతాబ్దం అని మాత్రమే తెలిసిన వస్తువులన్నీ 1700 అనే ఒక్క మేకుకు వేలాడుతున్నాయి.

దీనికి మందు పంపకం. ఒక్కో వస్తువుకు ఒక్క మార్కు ఇచ్చి, ఆ మార్కును దాని తొలి, చివరి సంవత్సరాల మధ్య సమానంగా పంచాలి. 1700–1799 అని ఉన్న గిన్నె పది దశాబ్దాలలో ఒక్కోదానికి 0.1 ఇస్తుంది. 1752–1755 అని ఉన్న చిత్రం తన మార్కు మొత్తాన్ని 1750ల పట్టీకే ఇస్తుంది. 1745–1754 అని ఉంటే సగం 1740లకు, సగం 1750లకు పోతుంది. ఏ వస్తువు వాటాలు కూడినా ఒకటే రావాలి, పట్టీల ఎత్తులన్నీ కూడితే వస్తువుల సంఖ్య రావాలి. ఈ సరిచూపును ప్రోగ్రాములోనే రాసుకుంటే తరువాతి తలనొప్పులు చాలా తగ్గుతాయి. ఇలా పంచగానే తాటిచెట్లు పడిపోయి, సేకరణ అసలు ఆకారం బయటపడుతుంది.

అయితే సమానంగా పంచడం కూడా ఒక ఊహే అని మరచిపోరాదు. ఆ గిన్నె నూరేళ్ళ పాటు కొంచెం కొంచెంగా తయారు కాలేదు. ఏదో ఒక ఏడాదిలోనే తయారైంది, ఆ ఏడాది మనకు తెలియదు. ఈ తేడా పేజీ మీద వెంటనే చిక్కు తెచ్చిపెడుతుంది. పట్టీ ఎత్తు 12.6 అని చెబుతుంది. దానిని నొక్కిన మనిషికి 43 వస్తువులు కనిపిస్తాయి, ఎందుకంటే ఆ దశాబ్దాన్ని తాకే వెడల్పాటి తేదీలున్న వస్తువులన్నీ జాబితాలోకి వస్తాయి. పన్నెండున్నర గిన్నెలని రాయలేము. 43 అని రాస్తే ఎత్తుతో పొసగదు. నా అనుభవంలో ఉత్తమమైన మార్గం పట్టీని రెండు ఛాయలుగా విడదీయడం. తేదీ వెడల్పు పదేళ్ళు లేదా అంతకు తక్కువ ఉన్న వస్తువుల వాటాను ముదురు రంగులో కింద, అంతకంటే వెడల్పైన వాటిని లేత రంగులో పైన వేయాలి. నొక్కినప్పుడు "ఈ దశాబ్దానికి చెందినవి 9, చెందగలవి మరో 34" అని పూర్తి వాక్యంలో చెప్పాలి. ఎత్తుకు సంఖ్య వేయకూడదు. "చెందగలవి" అన్న ఒక్క మాట పెద్ద సాంకేతిక వివరణ చేసే పనంతా చేస్తుంది. అనిశ్చితిని చూపడానికి కొందరు అంచులను మసకబారుస్తారు, గీతలు వణికిస్తారు. చూడముచ్చటగానే ఉంటుంది కాని, అదేమిటో చూసేవారికి విడిగా వివరించవలసి వస్తుంది.

ఇక్కడ రెండు గుంటలున్నాయి. క్రీస్తు పూర్వపు సంవత్సరాలను పట్టికలు రుణ సంఖ్యలుగా ఇస్తాయి. దశాబ్దం కనుక్కోవడానికి పదితో భాగించి దశాంశాన్ని కత్తిరిస్తే, రుణ 9 నుంచి ధన 9 దాకా ఉన్న సంవత్సరాలన్నీ సున్నా అనే ఒకే డబ్బాలో పడతాయి. క్రీస్తు శకారంభంలో లేని వైభవం ఒకటి పుట్టుకొస్తుంది. కత్తిరించకుండా ఎప్పుడూ కిందివైపు పూర్ణాంకానికే దించాలి. రెండవ గుంట కొన్ని పట్టికల్లో తేదీ తెలియనప్పుడు ఖాళీ వదలకుండా సున్నా వేయడం. మాటల తేదీ ఖాళీగా ఉండి రెండు అంకెలూ సున్నా అయితే, అది సంవత్సరం కాదు, మౌనం. అటువంటి వస్తువులను పారవేయకండి. కాలరేఖ చివర కొంచెం ఎడంగా "తేదీ తెలియనివి" అనే పట్టీ పెట్టండి. తేదీ లేనివి తరచుగా ఊరూ పేరూ రాసుకోని పనివారి వస్తువులే అయి ఉంటాయి కనుక, వాటిని దాచితే సేకరణ ఉన్నదానికంటే దర్జాగా కనిపిస్తుంది.

మెట్రోపాలిటన్ వంటి సేకరణలో లక్షల ఏళ్ళ నాటి రాతి పనిముట్లు, నిన్నటి ఛాయాచిత్రాలు పక్కపక్కనే ఉంటాయి. ఒకే కొలతతో గీస్తే గత ఐదు శతాబ్దాలు వెంట్రుకవాసి మందాన అంచుకు అంటుకుపోతాయి. ఒక్కో మెట్టుకు పది రెట్లు చొప్పున పెరిగే లాగరిథం కొలత గణితం తెలిసినవారికి ఊరటనిస్తుంది కాని, మిగతావారిని తికమక పెడుతుంది. అందుకని మొదటి చూపుకు శతాబ్దానికొక పట్టీ చాలు. క్రీస్తు పూర్వం 1000కి ముందున్నదంతా ఎడమవైపు ఒకే పట్టీలో పెట్టి, గీతను తెంచి, ఆ తెంపును స్పష్టంగా చూపండి. శతాబ్దాన్ని నొక్కితే దశాబ్దాలు విచ్చుకోవాలి. ముందు మొత్తం దృశ్యం, తరువాత దగ్గరికి వెళ్ళడమూ వడపోతా, అడిగినప్పుడే వివరాలు అని అమెరికా కంప్యూటర్ శాస్త్రవేత్త బెన్ ష్నైడర్‌మన్ 1996లో చెప్పిన క్రమం ఇక్కడ అక్షరాలా పనికొస్తుంది. పట్టీ ఎంత ఉన్నదో చెబుతుంది కాని, ఏమున్నదో చెప్పదు. కాబట్టి వేలు ఏ శతాబ్దం మీద ఉంటే ఆ శతాబ్దపు బొమ్మలు ఆరేడు కింద కనిపించాలి. న్యూయార్క్ పబ్లిక్ లైబ్రరీ 2016 జనవరిలో 1,80,000కు పైగా బొమ్మలను విడుదల చేసినప్పుడు, వాటన్నిటినీ చిన్న చిన్న చుక్కల్లాంటి బొమ్మలుగా ఒకే పేజీలో పరిచి, శతాబ్దాన్ని బట్టి, రంగును బట్టి పేర్చుకునే వీలు కల్పించింది. పట్టీలకు అది మంచి ప్రత్యామ్నాయం, పరికరం బరువు మోయగలిగితే.

ఇంతవరకూ ఒక వస్తువుకు ఒకే కాలం ఉంటుందని అనుకున్నాము. బ్రిటిష్ మ్యూజియంలోని అమరావతి శిల్పాలలో ఒక పలక ఈ ఊహను పగలగొడుతుంది. క్రీస్తు పూర్వం 1వ శతాబ్దంలో శిల్పులు దాని ఒక ముఖం మీద బోధివృక్షాన్నీ, ఖాళీ ఆసనాన్నీ, దానికి మొక్కుతున్న భక్తులనూ చెక్కారు. దాదాపు మూడు నాలుగు వందల ఏళ్ళ తరువాత, క్రీస్తు శకం 3వ శతాబ్దంలో, అదే రాతిని తిప్పి రెండో ముఖం మీద మహాస్తూపం బొమ్మను చెక్కారు. మన పట్టికలో దీనికి తొలి సంవత్సరం రుణ 100, చివరి సంవత్సరం 299 అని వేసి పంచితే, ఎవరూ ఉలి పెట్టని 1వ, 2వ శతాబ్దాలకు సగం మార్కు పోతుంది. ఈ రాతికి ఉన్నది ఒక పొడవైన కాలం కాదు, రెండు విడి కాలాలు.

ఇంకా ఉంది. 1845లో ఈస్టిండియా కంపెనీ అధికారి వాల్టర్ ఇలియట్ అమరావతిలో తవ్వకాలు జరిపాడు. ఆ శిల్పాలు మద్రాసు మీదుగా లండన్ చేరాయి. 1880లో బ్రిటిష్ మ్యూజియానికి వచ్చాయి. ఆ శిల్పాల నమోదు సంఖ్య 1880,0709 అని మొదలవుతుంది, అంటే 1880 జూలై 9. ఇవన్నీ ఆ రాతి తేదీలే. సాలార్‌జంగ్ మ్యూజియంలో మేలిముసుగు రెబెకా దగ్గర వినిపించే 1876 కూడా ఇటువంటిదే. మొదటి సాలార్‌జంగ్ ఆ పాలరాతి శిల్పాన్ని రోమ్‌లో కొన్న ఏడాది అది.

అందువల్ల తేదీలను వస్తువుల పట్టికలో ఉంచకుండా, ఘటనల పట్టిక అని మరొకటి చేయండి. ఒక్కో పంక్తిలో వస్తువు సంఖ్య, ఘటన రకం (తయారీ, తిరిగి చెక్కడం, తవ్వి తీయడం, మ్యూజియానికి చేరడం), తొలి సంవత్సరం, చివరి సంవత్సరం ఉండాలి. అమరావతి పలకకు నాలుగైదు పంక్తులు వస్తాయి, మామూలు గిన్నెకు రెండు చాలు. తయారీ, తిరిగి చెక్కడం రెండూ ఉన్నప్పుడు మార్కును రెండు సగాలుగా చేసి, ఒక్కో సగాన్ని దాని కాలంలోనే పంచండి. కూడితే ఒకటి రావాలన్న నియమం చెడదు. ఇక కాలరేఖకు పైన "తయారైన కాలం", "మ్యూజియానికి చేరిన కాలం" అని రెండు మీటలు పెట్టవచ్చు. రెండోది నొక్కగానే అమరావతి అంతా 1880 దగ్గర గుంపుగా నిలబడుతుంది. వస్తువుల చరిత్రకు బదులు సేకరించినవారి చరిత్ర కనిపిస్తుంది. మెట్రోపాలిటన్ పట్టికలో చేరిన ఏడాదికి వేరే వరుసే ఉన్నది కనుక ఈ రెండో కాలరేఖకు పెద్ద శ్రమ అక్కరలేదు. పాత నమోదు సంఖ్యల నుంచి ఏడాదిని పిండుకోవలసి వస్తే, 29.100 అని మొదలయ్యే సంఖ్య 1929ని సూచిస్తుందని గుర్తుంచుకోండి.

ఫోను సంగతి చెప్పి ముగిస్తాను. 360 పిక్సెళ్ళ వెడల్పులో 31 పట్టీలు వేస్తే ఒక్కోదానికి పదకొండు, పన్నెండు పిక్సెళ్ళకు మించి రావు. వేలితో నొక్కడానికి 44 నుంచి 48 దాకా కావాలని ఫోను తయారీదారుల మార్గదర్శకాలే చెబుతున్నాయి. కాబట్టి పట్టీలను విడివిడి మీటలుగా చేయకండి. మొత్తం కాలరేఖ ఒకే పరికరంగా వేలి కదలికను గమనించాలి, వేలికి దగ్గరి శతాబ్దం వెలగాలి, దాని పేరు పైభాగంలో కనిపించాలి. కింద పెడితే బొటనవేలే దాన్ని కప్పేస్తుంది.

అభ్యాసం: నాలుగు వస్తువులకు మ్యూజియం ఇచ్చిన తేదీలు ఇవి అనుకోండి: "1640–50", "17వ శతాబ్దం", "1640", "17వ శతాబ్ది ద్వితీయార్ధం లేదా 18వ శతాబ్ది పూర్వార్ధం". శతాబ్దం 1600లో మొదలై 1699తో ముగుస్తుందని తీసుకొని, 1640ల పట్టీ ఎత్తును చేత్తో లెక్కకట్టండి. మొదటి వస్తువుకు పదకొండేళ్ళ వెడల్పు ఉన్నదన్న సంగతి గమనిస్తే జవాబు 2.01 వస్తుంది, ఆ దశాబ్దానికి చెందినది 1, చెందగలవి మరో 2. మొదటి వస్తువు ఒక్క ఏడాది తేడాతో లేత రంగులోకి జారిపోవడం మీకు నచ్చకపోతే, ముదురు రంగుకు మనం పెట్టిన పదేళ్ళ హద్దును మీ సేకరణకు తగినట్లు మార్చి, ఆ మార్పును నిర్ణయాల పట్టికలో రాసుకోండి. నాలుగవ పాఠంలో స్థలాల పేర్లు చూస్తాము: మచిలీపట్నం పరిసరాల్లో అద్దిన కలంకారీ వస్త్రానికి ఒకచోట కోరమాండల్ తీరం అనీ, మరొకచోట ఇండియా అనీ రాసి ఉన్నప్పుడు పటం మీద చుక్క ఎక్కడ పెట్టాలన్నది అక్కడి ప్రశ్న.