విశాఖలో లారీ బేకర్ గోడ: రాట్ ట్రాప్ కట్టుబడి

తొమ్మిది అంగుళాల గోడలో ఇటుకల్ని పడుకోబెట్టకుండా అంచు మీద నిలబెట్టి కడితే, బయటి ముఖానికీ లోపలి ముఖానికీ మధ్య సుమారు మూడంగుళాల ఖాళీ మిగులుతుంది. ఇదే రాట్ ట్రాప్ బాండ్. ఇంగ్లండ్ నుంచి వచ్చిన ఈ పద్ధతిని మన దేశంలో సామాన్యుల ఇళ్ళదాకా తెచ్చినది లారీ బేకర్. ఆయన 1917లో బర్మింగ్‌హామ్‌లో పుట్టి అక్కడే ఆర్కిటెక్చర్ చదివారు. 1945లో కుష్ఠురోగుల ఆసుపత్రుల పని మీద భారతదేశం వచ్చి, హిమాలయాల్లో పితోరాగఢ్ దగ్గర చాలా ఏళ్ళున్నారు. తర్వాత కేరళలో స్థిరపడి, 2007లో తిరువనంతపురంలో కన్నుమూశారు. అక్కడ ఆయన కట్టిన సెంటర్ ఫర్ డెవలప్‌మెంట్ స్టడీస్ ఆవరణ చూస్తే ఆయన ధోరణి తెలిసిపోతుంది. కొండవాలును చదును చేయలేదు, గోడలకు పూత పూయలేదు.

పూత వేయకపోవడమే అసలు పొదుపు. రెండు వైపులా ప్లాస్టరింగ్ చేసి రంగులు వేసే ఉద్దేశం ఉంటే ఈ కట్టుబడి వల్ల మిగిలేది తక్కువ. కానీ విశాఖలో ఉప్పుగాలి, తుపాను వాన ఉన్నాయి. కాబట్టి ఏ గోడ వదిలేయాలో, ఏది పూయాలో ప్లాన్ దశలోనే తేల్చుకోవాలి. ఋషికొండ, సాగర్‌నగర్ వైపు సముద్రానికి ఎదురుగా ఉండే గోడను బయట పూయడమే క్షేమం. మధురవాడ లోపలి కాలనీల్లోనో, పెందుర్తి వైపో అయితే రెండడుగుల సజ్జా, చూరు పెట్టుకుని బయట ఇటుక వదిలేయవచ్చు. 2014 హుద్‌హుద్ తుపానులో లాగా వాన అడ్డంగా కొట్టే రోజుల్ని లెక్కలో పెట్టుకునే సజ్జా కొలత రాయించాలి.

ఇక ఇటుక లెక్క. 9×4¼×3 అంగుళాల ఇటుక, అతుకుల్లో 10 ఎం.ఎం. మాలు (సిమెంటు, ఇసుక కలిపినది) అనుకుంటే 100 చదరపు అడుగుల మామూలు తొమ్మిదంగుళాల గోడకు సుమారు 910 ఇటుకలు పడతాయి. రాట్ ట్రాప్‌కు సుమారు 725 చాలు. మాలు దాదాపు సగానికి తగ్గుతుంది. కిటికీల కింద, లింటెల్ (గుమ్మం, కిటికీ పైన వేసే కాంక్రీటు పట్టీ) దగ్గర ఖాళీ లేకుండా పడుకోబెట్టి కట్టే గట్టి వరసలు కలిపితే ఇటుకల పొదుపు ఇంకాస్త తగ్గుతుంది. ఇటుక వెడల్పు 4 అంగుళాలే ఉంటే వరస ఎత్తు తగ్గి మరిన్ని ఇటుకలు కావాలి. వెడల్పూ మందమూ సమానంగా ఉండే మాడ్యులర్ ఇటుక (190×90×90 ఎం.ఎం.) ఈ పనికి అసలు పనికిరాదు: నిలబెట్టినా పడుకోబెట్టినా ఒకటే, మధ్యలో ఖాళీ మిగలదు.

ఇటుక ఎంపికలో బేరం పనికిరాదు. రెండు ముఖాలనూ కలుపుతూ అడ్డంగా వేసే ఇటుక గోడ మందమంతా పట్టుకుంటుంది. పొడవులో అర అంగుళం తేడాలుంటే ఒక ముఖం సాఫీగా వచ్చినా రెండోది గతుకులు పడుతుంది. ఇరవై ఇటుకల్ని బారుగా పేర్చి కొలవండి, 15 అడుగులకు ఒకటి రెండు అంగుళాల తేడా మించితే ఆ లోడు వద్దు. విడివిడి ఇటుకలు కూడా కొలవాలి, ఎందుకంటే పొట్టివీ పొడవువీ కలిసి మొత్తం సరిపోయినట్టు కనిపిస్తుంది. పొడి ఇటుకను తూచి, 24 గంటలు నీళ్ళలో ఉంచి మళ్ళీ తూచాలి. మూడు కిలోలది 3.6 కిలోలు దాటితే నీరు ఎక్కువ తాగే రకం. ఉప్పు సంగతి తేలాలంటే పళ్ళెంలో అంగుళం లోతు డిస్టిల్డ్ వాటర్ (ఇన్వర్టర్ బ్యాటరీలో పోసేదే) పోసి ఇటుకను నిలబెట్టండి. నీరు పూర్తిగా పీల్చి ఆరాక అదే మరోసారి చేయండి. తెల్లపొర పదోవంతు ముఖం కంటే ఎక్కువ కమ్మితే ఆ బట్టీ ఇటుకను బయటకు కనపడే గోడకు వాడవద్దు.

విశాఖలో ఫ్లై యాష్ (బొగ్గు బూడిద) ఇటుకలు తేలిగ్గా దొరుకుతాయి. కొలతలు ఒకేలా ఉంటాయి గనక ఈ కట్టుబడికి బాగా నప్పుతాయి, ఎర్రదనం పోతుందన్న లోటు ఒక్కటే. అయితే పోసి వారమే అయిన ఇటుకలు తెస్తే గోడలో ఆరుతూ కుంచించుకుని సన్న పగుళ్ళిస్తాయి. కనీసం మూడు వారాలు తడిపి ఆరినవే తీసుకోవాలి.

ఇసుక నది ఇసుకే కావాలి, లేదా రోబో శాండ్ (రాయిని నలగ్గొట్టి చేసే ఇసుక). బీచ్ ఇసుక ఎంత కడిగినా వద్దు. అందులోని ఉప్పు గోడలో నిలబెట్టే ఇనుప రాడ్డును తినేస్తుంది, గోడకు చెమ్మ పట్టిస్తుంది. మాలు ఒకటికి ఆరు: 50 కిలోల బస్తా సిమెంటు 1¼ ఘనపుటడుగు, అదే కొలత పెట్టెతో ఆరు పెట్టెల ఇసుక. కలిపింది అరగంటలో అయిపోవాలి.

కట్టడం మొదలయ్యే ముందు మాలు లేకుండా ఒక వరస పేర్చి చూడండి. ఎదురెదురుగా రెండు నిలువు ఇటుకలు (గోడ పొడవునా అంచు మీద నిలిపినవి), పక్కన అడ్డంగా ఒకటి, ఇదీ జత. జత పొడవు దాదాపు 13 అంగుళాలు. గుమ్మాలు, కిటికీలు, వాటి మధ్య గోడలు ఆ కొలతకు దగ్గరగా సర్దుకుంటే ముక్కలు కోసే పని చాలా తప్పుతుంది.

బేస్‌మెంట్ మీద డీపీసీ (నేల చెమ్మ పైకి ఎక్కకుండా ఆపే పొర) వేశాక మొదటి వరస ఇటుకలు పడుకోబెట్టి గట్టిగా కట్టాలి. ఇది చెదలకూ చీమలకూ అడ్డుకట్ట. దాని మీద నుంచి అంచు వరసలు. కింది వరసలో నిలువు ఇటుక మధ్యకు పై వరసలో అడ్డం ఇటుక రావాలి, అతుకు మీద అతుకు పడకూడదు. మూలల దగ్గర ఇందుకోసం ముప్పావు ముక్కలు ముందే కోసి పెట్టుకోవాలి. దారం బయటి ముఖానికే కట్టండి, తేడాలేమున్నా లోపలికి పోతాయి. కిటికీ కిందా, లింటెల్ అడుగునా, స్లాబు కిందా మళ్ళీ గట్టి వరసలు. బీమ్ కూర్చునే చోట కాంక్రీటు బెడ్ లేకపోతే కింది ఇటుక చిట్లుతుంది.

ఈ పనిలో ఎక్కువ చెడేది ఖాళీలో మాలు పడడం వల్ల. తాపీతో మామూలుగా పరిచేస్తే సగం మాలు లోపలికి జారుతుంది. పొదుపూ పోతుంది, బయటి తడి ఆ మాలు మీదుగా లోపలి ముఖానికీ చేరుతుంది. మూడంగుళాల వెడల్పు చెక్కపట్టీకి పిడి బిగించి ఖాళీ మీద పెట్టి, రెండు పక్కలా మాలు వేశాక తీసేయాలి. మేస్త్రీలు మొదటి రోజు విసుక్కుంటారు, రెండో రోజుకు అలవాటు పడతారు.

మూలల్లో, గుమ్మాలూ కిటికీల పక్కన ఖాళీని పునాది నుంచి పైదాకా తెగకుండా ఉంచి, 10 లేదా 12 ఎం.ఎం. రాడ్డు నిలబెట్టి, సన్న కంకర చిప్స్‌తో 1:1½:3 (సిమెంటు, ఇసుక, చిప్స్) కాంక్రీటు రెండు మూడు వరసలకోసారి నింపుతూ రావాలి. రాడ్డు సరిగ్గా మధ్యలో ఉండాలి. ఓ పక్కకు ఆనితే ఉప్పుగాలికి తుప్పు పట్టి ఇటుకను పగలదీస్తుంది. విశాఖ గాలివేగానికి డిజైన్ లెక్క సెకనుకు 50 మీటర్లు, కాబట్టి రాడ్ల సంఖ్య స్ట్రక్చరల్ ఇంజినీరే చెప్పాలి.

రోజుకు నాలుగడుగుల ఎత్తు మించవద్దు. పైపు పెట్టి పైనుంచి నీళ్ళు పోస్తే ఖాళీ నిండి వారాల తరబడి చెమ్మ వదలదు. గోనెసంచులు కప్పి, పక్కల నుంచి చిమ్ముతూ కనీసం ఏడు రోజులు తడపాలి. అతుకుల్ని అదే రోజు 10 ఎం.ఎం. లోతు గీకి, తర్వాత 1:3 మాలుతో ముఖానికి సమంగా పాయింటింగ్ చేయించండి. లోతుగా గాడి తీస్తే అందంగా ఉంటుంది గానీ వాననీరు అక్కడే నిలుస్తుంది. వార్నిష్ పూయవద్దు, లోపలి ఉప్పు బయటికి రాలేక ఇటుక ముఖం పొరలు పొరలుగా లేస్తుంది. గోడ పూర్తిగా ఆరాక వాననీటిని ఆపుతూనే లోపలి ఆవిరిని బయటికి వదిలే సైలేన్ సైలాక్సేన్ రకం పారదర్శక కోటింగ్ వేయించవచ్చు.

కరెంటు పైపులు కట్టేటప్పుడే ఖాళీలో దింపాలి. స్విచ్ బోర్డు, ఏసీ స్టాండు, గీజరు వచ్చే చోట్ల గట్టి ఇటుక కట్టించుకోవాలి. తర్వాత ఉలి పెడితే నిలువు ఇటుక మొత్తం ఊడి వస్తుంది. నీళ్ళ పైపు మాత్రం ఖాళీలో పెట్టవద్దు, లీకు ఎక్కడుందో ఎవరికీ దొరకదు.

కూలి వెయ్యి ఇటుకల లెక్కన మాట్లాడితే మేస్త్రీకి నష్టం. ఇటుకలు తగ్గుతాయి, శ్రమ తగ్గదు. దాంతో అతను గట్టి వరసలు ఎక్కువ పెట్టేస్తాడు. గోడ చదరపు అడుగుల లెక్కనో, రోజుకూలికో మాట్లాడుకోండి.