నల్ల బీరుకు కాస్త వెచ్చదనం కావాలి

భీమవరం, అమలాపురం వైపు నుంచి బెంగళూరు వెళ్ళేవాళ్ళు అక్కడి మైక్రోబ్రూవరీలో, అంటే బీరు అక్కడే తయారుచేసి పోసే చోట, నేరుగా పెద్ద గ్లాసు స్టౌట్ (మాడు చేదుండే నల్ల బీరు) చెప్పకండి. శాంప్లర్ అడిగితే చిన్న గ్లాసుల్లో నాలుగైదు రకాలు ఇస్తారు. వరస ముఖ్యం. ముందు డంకెల్ (తేలికైన జర్మన్ ముదురురంగు బీరు), తర్వాత పోర్టర్ (స్టౌట్‌కు దగ్గరి చుట్టం), ఆపైన స్టౌట్. ఇంకా ఘాటైన ఇంపీరియల్ స్టౌట్ ఉంటే అన్నిటికంటే చివర. వరస తిరగబడితే మాడు చేదు నాలుకకు పట్టేసి, డంకెల్ ఉత్త నీళ్ళలా అనిపిస్తుంది.

నలుపు చూసి ఘాటు అనుకోవద్దు. ఆ రంగు 200 డిగ్రీలు దాటించి వేయించిన బార్లీది. పేరున్న ఐరిష్ స్టౌట్ గిన్నిస్ డ్రాట్‌లో ఆల్కహాల్ 4.2 శాతమే. ఇంపీరియల్ స్టౌట్ మాత్రం సాధారణంగా 8 దాటుతుంది, దానితో నెమ్మది.

మరీ చల్లగా తెస్తే వెంటనే తాగకండి. చలికి వాసన అణిగిపోయి చేదొక్కటే తెలుస్తుంది. గ్లాసును రెండు అరచేతుల మధ్య పట్టుకుని ఐదారు నిమిషాలు ఆగండి. 10–12 డిగ్రీలకు వచ్చాక నురగ దగ్గర ముక్కు పెట్టి చూడండి, అప్పుడే దంచిన కాఫీ గింజల వాసన, వెనకాలే కోకో.

పక్కన కారం కోడివేపుడు వద్దు, గ్యాసూ ఆల్కహాలూ కలిసి మంట పెంచుతాయి. బయటి తిండి రానిస్తారేమో ముందే అడిగి, ఆత్రేయపురం బెల్లం పూతరేకులు పట్టుకెళ్ళండి. ఆ నెయ్యీ బెల్లం మాడు చేదుకు అచ్చంగా కుదురుతాయి.