కౌన్సిలర్‌గా పోటీ చేసే షాపు ఓనర్లకు: నామినేషన్‌కు ముందు జాగ్రత్తలు

మున్సిపల్ ఎన్నికల్లో వార్డుకు నిలబడాలనుకునే కిరాణా, బట్టలు, హార్డ్‌వేర్ షాపుల వాళ్ల కోసం ఇది. 21 ఏళ్లు నిండి, ఆ పట్టణ ఓటర్ల జాబితాలో పేరుంటేనే మిగతా సంగతి.

ముందు బకాయిలు. ఇంటి పన్ను, నీటి బిల్లు, ట్రేడ్ లైసెన్స్ ఫీజు కట్టేసి రసీదులు ఫైల్లో పెట్టుకోండి. నామినేషన్ల పరిశీలన రోజు ఎదుటివాళ్లు మొదట లాగేది ఈ తీగే.

మున్సిపాలిటీకి సరుకు సప్లై చేస్తున్నారా? ఏదైనా పని కాంట్రాక్టు ఉందా? అది నడుస్తుండగా నామినేషన్ వేస్తే అనర్హత ముప్పు. షాపు మున్సిపల్ కాంప్లెక్స్‌లో అద్దెకు ఉన్నా లాయర్‌ని ఒకసారి అడగండి.

ప్రతిపాదించే మనిషి అదే వార్డు ఓటరై ఉండాలి. పక్క వీధి బావమరిది పనికిరాకపోవచ్చు, వార్డు హద్దు చూసుకోండి. అఫిడవిట్‌లో కేసులు, ఆస్తులు, అప్పులు ఏవీ దాచొద్దు. పార్టీ టికెట్ అయితే బి-ఫారం (మీరే తమ అభ్యర్థి అని పార్టీ ఇచ్చే పత్రం) గడువులోపు అధికారికి అందాలి.

ఎన్నికల కోడ్ (ప్రవర్తనా నియమావళి) వచ్చాక గల్లాపెట్టెతోనే అసలు టెన్షన్. బ్యాంకుకు డబ్బు తీసుకెళ్తుంటే బిల్లులు వెంట ఉంచుకోండి. "మన వార్డు వాళ్లకు డిస్కౌంట్" బోర్డు పెట్టారో, అది ప్రలోభం కిందికి వస్తుంది. పాత బాకీలు మాఫీ చేయడమూ అంతే. ఇన్నాళ్లూ పద్దు రాయకుండా అరువిచ్చిన ఖాతాదారుకు కూడా ఇప్పుడు పద్దు రాయాల్సిందే!

ప్రచార ఖర్చు షాపు లెక్కల్లో కలపొద్దు. కరపత్రాలపై ప్రింటర్ పేరు వేయించండి. ఓడినా సరే, ఖర్చుల లెక్క అధికారులకు ఇవ్వాలి.