మద్దెలే ఓడు: పాత ల్యాప్‌టాప్‌లో లైనక్స్ వేశాక వచ్చే తిప్పలు, వాటి మందులు

2025 అక్టోబర్ 14తో విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ మామూలు మద్దతు ముగిసింది. విండోస్ 11కి వెళ్దామంటే టీపీఎం 2.0 అనే భద్రతా చిప్ కావాలంటుంది, ఇంటెల్ అయితే దాదాపు 8వ తరం ప్రాసెసరో ఆ పైదో ఉండాలంటుంది. దాంతో చుట్టాల్లో, స్నేహితుల్లో పదేళ్ల కిందటి ల్యాప్‌టాప్ ఉన్నవాళ్లంతా సంచిలో పెట్టుకుని మా ఇంటికి వస్తున్నారు. నేను విండోస్ బదులు లైనక్స్ మింట్ అనే ఉచిత ఆపరేటింగ్ సిస్టమ్ వేసి పంపుతాను. వారం తిరక్కుండా ఫోన్ వస్తుంది: "అన్నా, నీ లైనక్స్ బాలేదు."

ఆడలేక మద్దెల ఓడన్నట్టు అని సామెత ఉంది కానీ, ఈ వ్యవహారంలో చాలాసార్లు నిజంగానే మద్దెల ఓడు. డిస్కు అరిగిపోయి ఉంటుంది, ఫ్యాన్‌లో దుమ్ము దూదిలా పేరుకుని ఉంటుంది, ర్యామ్ వదులై ఉంటుంది. యూట్యూబ్ చూసి వారానికో డిస్ట్రో (లైనక్స్‌లో ఒక రకం) మార్చేవాళ్లను చూస్తే నాకు జాలేస్తుంది. జ్వరానికి చొక్కా మార్చినట్టు ఉంటుంది అది.

ముందు ఒక్క పరీక్ష

ఏ లక్షణమైనా సరే, ఇన్‌స్టాల్ చేసిన పెన్‌డ్రైవ్ పారేయకండి. దాంతోనే మళ్లీ బూట్ చేసి, ఇన్‌స్టాల్ నొక్కకుండా, ఓ అరగంట అలాగే వాడండి. ఇబ్బంది అక్కడా కనిపిస్తే తప్పు యంత్రానిది కావచ్చు, డ్రైవర్‌ది కావచ్చు. విండోస్‌లో కూడా అదే ఇబ్బంది ఉండేదని గుర్తొస్తే ఇక అనుమానం అక్కర్లేదు, స్క్రూడ్రైవర్ తీయండి. పెన్‌డ్రైవ్ మీద చక్కగా నడిచి, డిస్కు మీద మాత్రమే నీలుగుతుంటే దొంగ చాలావరకు డిస్కే.

"బూట్ అవడానికి మూడు నిమిషాలు, బ్రౌజర్ తెరవడానికి ఇంకో నిమిషం"

నా దగ్గరికి వచ్చే ఫిర్యాదుల్లో అన్నిటికంటే ఎక్కువ ఇదే. ప్రాసెసర్ పాతదైపోయిందని వాళ్ల నమ్మకం. కానీ సిస్టమ్ మానిటర్ తెరిచి చూడండి, ప్రాసెసర్ పది శాతం కూడా పనిచేయడం లేదు, గోళ్లు గిల్లుకుంటూ కూర్చుంది. ఎవరి కోసం? హార్డ్ డిస్క్ కోసం.

లెక్క చూస్తే విషయం తెలుస్తుంది. ల్యాప్‌టాప్ హార్డ్ డిస్కులు చాలావరకు నిమిషానికి 5400 చుట్లు తిరుగుతాయి, అంటే ఒక్కో చుట్టుకు 11 మిల్లీసెకన్లు. కావాల్సిన చోటు, డేటా చదివే ముల్లు కిందికి రావడానికి సగటున అర చుట్టు ఆగాలి, ముల్లు పక్కకు జరగడానికి ఇంకో పది, పన్నెండు మిల్లీసెకన్లు. మొత్తానికి సెకనుకు అరవై, డెబ్బై చిన్న ముక్కలు తెచ్చిపెడితే గొప్ప. బూట్ అయ్యేటప్పుడు చదవాల్సిన చిన్న ఫైళ్లు వేలల్లో ఉంటాయి. అదే మామూలు సాటా ఎస్ఎస్‌డీ (డేటాను చిప్‌లలో దాచే డిస్కు; సాటా అంటే పాత డిస్కులు కూడా వాడే కనెక్షన్ రకం) అయితే తిరిగేది లేదు, జరిగేది లేదు కాబట్టి సెకనుకు వేల ముక్కలు అందిస్తుంది.

అందుకే నా మందు ఎప్పుడూ ఒకటే: ఎస్ఎస్‌డీ వేయండి. కొత్త ల్యాప్‌టాప్ కొనే డబ్బులో పిసరంత. మా హైదరాబాద్ వాళ్లకయితే సికింద్రాబాద్ సీటీసీలో (కంప్యూటర్ సామాన్ల కొట్లుండే చోటు) ఓ పూట తిరిగితే పనైపోతుంది. కొనేముందు వెనక మూత తీసి చూసుకోండి. రెండున్నర అంగుళాల డిస్కు అయితే అదే సైజు సాటా ఎస్ఎస్‌డీ ఏదైనా సరిపోతుంది; పాత డిస్కు 9.5 మిల్లీమీటర్ల మందం, కొత్తది 7 ఉంటే వదులుగా ఆడకుండా అట్టముక్క పెట్టినా చాలు. ఎం.2 స్లాట్ ఉంటే మాత్రం ఆగండి. ఎం.2 అనేది ఆకారం పేరు మాత్రమే, అందులో సాటా రకం వేరు, ఎన్‌వీఎంఈ అనే ఇంకా వేగమైన రకం వేరు. సాటా మాత్రమే తెలిసిన స్లాట్‌లో ఎన్‌వీఎంఈ కార్డు దూరినా కంప్యూటర్ దాన్ని గుర్తుపట్టదు. మా తమ్ముడు అలా కొని, నెల రోజులు దాన్ని బీరువాలో పెట్టుకున్నాడు.

ఒకప్పుడు బాగా నడిచిన డిస్కు ఈ మధ్యే నెమ్మదించిందా? మింట్ మెనూలో డిస్క్స్ అనే ప్రోగ్రామ్ ఉంటుంది. అందులో స్మార్ట్ డేటా (డిస్కు తన ఆరోగ్యం గురించి రాసుకునే చిట్టా) తెరిచి రీఅలొకేటెడ్ సెక్టార్ కౌంట్ (చెడిపోయి పక్కనపెట్టిన చోట్లు), కరెంట్ పెండింగ్ సెక్టార్ కౌంట్ (చదవడానికి మొరాయిస్తున్న చోట్లు) అన్న రెండు వరసలు చూడండి. సున్నాలుంటే సంతోషం. పెండింగ్ దగ్గర సున్నా కాని అంకె ఉండి, అది రోజురోజుకీ పెరుగుతుంటే, ఈ వ్యాసం ఇక్కడ ఆపి ముందు ఫొటోలు వేరేచోటికి కాపీ చేసుకోండి. మిగతాది తర్వాత.

"మొదట పావుగంట బాగుంటుంది, తర్వాత ఫ్యాన్ మోత, అంతా నత్తనడక"

వేడి. ప్రాసెసర్ వంద డిగ్రీల దరిదాపులకు వెళ్తే తనను తాను కాపాడుకోవడానికి వేగం తగ్గించేసుకుంటుంది. టెర్మినల్‌లో (ఆదేశాలు టైపు చేసే కిటికీ) sensors అని కొడితే ఉష్ణోగ్రతలు కనిపిస్తాయి. ఖాళీగా ఉన్నప్పుడు యాభై చుట్టూ, పని చేసేటప్పుడు ఎనభై దాకా ఉంటే ఫరవాలేదు. ఏ పనీ లేకుండానే ఎనభై అంటే లోపల ఊపిరాడట్లేదని అర్థం. ఇంకో సంగతి, ఫ్యాన్ విసిరేది గదిలో గాలినే కదా. రెంటచింతలలోనో రామగుండంలోనో మే నెల మధ్యాహ్నం ఏసీ లేని గదిలో ల్యాప్‌టాప్‌ను పరుపు మీద పెట్టి వాడుతూ లైనక్స్‌ను తిట్టడం న్యాయం కాదు.

మూత తీశాక బయటినుంచి బ్లోయర్ కొట్టి సరిపెట్టకండి. ఫ్యాన్‌కీ, రాగి రేకులకీ మధ్య దుమ్ము చాపలా అల్లుకుని ఉంటుంది. ఫ్యాన్ విప్పి ఆ చాపను చేత్తో లాగితేనే వస్తుంది. బ్లోయర్ కొట్టేటప్పుడు ఫ్యాన్ రెక్కను వేలితో పట్టుకోండి, లేకపోతే విపరీతమైన వేగంతో తిరిగి బేరింగ్ పాడవుతుంది. ఐదారేళ్లు దాటిన యంత్రమైతే థర్మల్ పేస్ట్ కూడా మార్చండి. పాతది ఎండి సున్నంలా రాలుతుంటుంది. ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచి, చిప్ మీద మిరియం గింజంత పేస్ట్ పెట్టి బిగించాలి. ఎక్కువ పెడితే ఎక్కువ చల్లబడదు.

వేడి లేదు, డిస్కు మంచిదే, అయినా ప్రాసెసర్ 800 మెగాహెర్ట్జ్ దగ్గరే ఇరుక్కుపోయిందా? చార్జర్ పీకి, బ్యాటరీ మీద నడిపి చూడండి. కొన్ని ల్యాప్‌టాప్‌లు చార్జర్ తమదో కాదో కనిపెడతాయి. నకిలీదైనా, పిన్ను మధ్యలో ఉండే సన్నటి సూది వంగినా, గుర్తుపట్టలేక వేగాన్ని అట్టడుగుకు దించేస్తాయి. ఇది కనిపెట్టడానికి నాకు రెండు ఆదివారాలు పట్టింది. ఆ రెండు ఆదివారాల్లో మూడు డిస్ట్రోలు మార్చాను కూడా, ఇంకెవరికీ చెప్పకండి.

ల్యాప్‌టాప్ కింద పొట్ట ఉబ్బినట్టున్నా, టచ్‌ప్యాడ్ పైకి లేచినా అది బ్యాటరీ ఉబ్బడం. చార్జింగ్ ఆపండి, వాడకం ఆపండి. గుచ్చకండి, నొక్కకండి, మార్పించండి.

"ఒకసారి బ్రౌజర్ మూసుకుపోతుంది, ఇంకోసారి మొత్తం బిగుసుకుపోతుంది, పద్ధతంటూ లేదు"

ఒకే ప్రోగ్రామ్ ఒకే చోట పడిపోతుంటే సాఫ్ట్‌వేర్ తప్పు. రోజుకో ప్రోగ్రామ్ రోజుకో తీరుగా పడిపోతుంటే ర్యామ్‌ను అనుమానించండి. ఇన్‌స్టాల్ మధ్యలో ఫైలు చెడిందని ఆగిపోవడం కూడా ఈ బాపతే కావచ్చు, పెన్‌డ్రైవ్ మార్చినా అదే వస్తుంటే మరీ. మెమ్‌టెస్ట్86 ప్లస్ అనే ర్యామ్ పరీక్ష ప్రోగ్రామ్‌ను రాత్రంతా నడపండి. ఒక్క ఎర్ర గీత వచ్చినా ర్యామ్ చెడ్డదే, "ఒక్కటేగా" అనుకోవద్దు. కొత్తది కొనేముందు స్టిక్ తీసి, బంగారు రంగు పళ్లను పెన్సిల్ రబ్బరుతో మెల్లగా తుడిచి, పొట్టు ఊదేసి, టక్కుమనేదాకా మళ్లీ పెట్టండి. నవ్వుకోకండి, సగం కేసులు ఇక్కడే తేలిపోతాయి. కొనాల్సి వస్తే పాత స్టిక్ మీద రాతే ప్రమాణం: డీడీఆర్3ఎల్ ఉన్నచోట డీడీఆర్4 పట్టదు, గాడి చోటే వేరు.

"నాలుగు జీబీలో మూడున్నర అప్పుడే నిండిపోయింది" అనేవాళ్లకు ఒక మాట. లైనక్స్ ఖాళీ ర్యామ్‌లో ఇంతకుముందు చదివిన ఫైళ్లు దాచుకుంటుంది, అవసరమైతే వెంటనే వదిలేస్తుంది. చూడాల్సింది ఫ్రీ అన్న అంకె కాదు, అవైలబుల్ అన్నది.

"వైఫై అనే మాటే కనిపించట్లేదు"

చాలావరకు బ్రాడ్‌కామ్ చిప్. దాని డ్రైవర్ మామూలుగా ఇన్‌స్టాల్ అయి ఉండదు, చాలాసార్లు ఇంటర్నెట్‌లోంచి దించాలి. దించడానికి వైఫై లేదు. కాళ్లకేస్తే మెడకు, మెడకేస్తే కాళ్లకు. ఆండ్రాయిడ్ ఫోన్‌ను కేబుల్‌తో తగిలించి ఫోన్‌లో యూఎస్‌బీ టెథరింగ్ ఆన్ చేయండి, లైనక్స్ దాన్ని తీగ నెట్‌వర్క్‌గా తీసుకుంటుంది. అప్పుడు డ్రైవర్ మేనేజర్ తెరిస్తే కావాల్సింది అదే చూపిస్తుంది. అంతకంటే ముందు కీబోర్డు మీద విమానం బొమ్మ ఉన్న మీట నొక్కి చూడటం మర్చిపోకండి.

"లోగో వచ్చి, తర్వాత నల్ల తెర"

ఎన్‌విడియా గ్రాఫిక్స్ కార్డు ఉందా? ఉంటే పెన్‌డ్రైవ్ నుంచి బూట్ చేసేటప్పుడు కంపాటిబిలిటీ మోడ్ ఎంచుకోండి; ఇన్‌స్టాల్ అయ్యాక అయితే బూట్ మెనూలో అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్‌లోని రికవరీ మోడ్ ఎంచి, రెజ్యూమ్ నొక్కి లోపలికి వెళ్లి, డ్రైవర్ మేనేజర్‌లో సిఫారసు చేసిన డ్రైవర్ వేయండి. 2012లో ఫిన్లాండ్‌లోని ఆల్టో విశ్వవిద్యాలయంలో లైనక్స్ సృష్టికర్త లైనస్ టోర్వాల్డ్స్ వేదిక మీదే ఎన్‌విడియాకు మధ్యవేలు చూపించాడు. ఆ కంపెనీ తన డ్రైవర్‌లో కర్నల్ (లైనక్స్ గుండెకాయ) మాడ్యూళ్ల సోర్సు కోడ్ బయటపెట్టింది 2022లో. అదీ కొత్త కార్డులకే, మన పాత కార్డులకు కాదు.

డ్రైవర్ వేశాక కూడా పట్టకపోతే, నమోదైన సంతకం లేని డ్రైవర్లను అడ్డుకునే సెక్యూర్ బూట్ సంగతి చూడండి. డ్రైవర్ వేసేటప్పుడు ఒక పాస్‌వర్డ్ అడిగి ఉంటుంది. రీస్టార్ట్ అవగానే నీలం తెర ఒకటి వస్తుంది. అక్కడ ఎన్‌రోల్ అని ఎంచి అదే పాస్‌వర్డ్ కొట్టాలి. కంగారుపడి కంటిన్యూ నొక్కేస్తే సంతకం నమోదు కాదు, డ్రైవర్ లోడ్ అవదు.

"ఇన్‌స్టాలర్‌కి డిస్కే కనపడట్లేదు"

బయాస్‌లో (కంప్యూటర్ వెలగగానే తెరుచుకునే మదర్‌బోర్డు సెట్టింగులు) డిస్కు ఇంటెల్ ఆర్ఎస్‌టీ లేదా రెయిడ్ పద్ధతిలో ఉంది. దాన్ని ఏహెచ్‌సీఐ అనే మామూలు పద్ధతికి మార్చాలి. కానీ పక్కన విండోస్ ఉంచుకోవాలంటే నేరుగా మార్చకండి, అది బూట్ అవదు. ముందు విండోస్‌ను సేఫ్ మోడ్‌లో లేచేలా పెట్టి, బయాస్‌లో మార్చి, ఒకసారి సేఫ్ మోడ్‌లోకి వెళ్లొచ్చి, ఆ అమరిక తీసేయండి. బిట్‌లాకర్ (విండోస్ డిస్కుకు వేసే తాళం) ఉంటే దాని రికవరీ కీ కాగితం మీద రాసుకున్నాకే బయాస్ ముట్టుకోండి.

"గడియారం సరిగ్గా ఐదున్నర గంటలు తేడా"

నాకు ఇష్టమైన లక్షణం ఇది, ఎందుకంటే అంకె చెప్పగానే కారణం తెలిసిపోతుంది. లైనక్స్ మదర్‌బోర్డు గడియారంలో యూటీసీ (ప్రపంచ ప్రామాణిక) సమయం ఉంచుతుంది, విండోస్ స్థానిక సమయం ఉంచుతుంది. మన సమయం యూటీసీకి ఐదున్నర గంటలు ముందు కదా, లైనక్స్ వాడి విండోస్‌లోకి వెళ్తే అంత వెనక్కి, విండోస్ వాడి లైనక్స్‌లోకి వస్తే అంత ముందుకి చూపిస్తుంది. డల్లాస్‌లో ఉన్న మా అక్క ల్యాప్‌టాప్‌లో ఇదే తేడా వేసవిలో ఐదు గంటలు, చలికాలంలో ఆరు. టెర్మినల్‌లో timedatectl set-local-rtc 1 అని కొడితే లైనక్స్ కూడా విండోస్ దారిలో నడుస్తుంది.

తేడా గంటల్లో కాకుండా ఏళ్లలో ఉంటే, ఆపి పెట్టిన ప్రతిసారీ ఏదో పాత సంవత్సరానికి వెళ్లిపోతుంటే, మదర్‌బోర్డు మీది బటన్ సెల్ అయిపోయింది. ఇలాంటప్పుడు బ్యాంకు వెబ్‌సైట్లు సర్టిఫికెట్ చెల్లదని మొరాయిస్తాయి, జనం వైరస్ అనుకుంటారు. చాలా యంత్రాల్లో సీఆర్2032 సెల్, ఏ వాచీల కొట్లోనైనా దొరుకుతుంది.

"డీ డ్రైవ్ తెరుచుకుంటోంది కానీ ఏమీ సేవ్ అవట్లేదు"

విండోస్ ఫాస్ట్ స్టార్టప్ ఆపండి. షట్‌డౌన్ అన్నా అది పూర్తిగా ఆగదు, సగం నిద్రలో డ్రైవ్‌ను పట్టుకుని ఉంటుంది, లైనక్స్ మర్యాదగా చదవడం వరకే చేస్తుంది.

"తెలుగు గడులుగా కనిపిస్తోంది". "తెలుగు ఫైలు తెరిస్తే ఇంగ్లిష్ అక్షరాల చెత్త"

ఇవి రెండూ ఒకటే అనుకుంటారు, కావు. గడులు కనిపిస్తే ఫాంట్ లేదంతే. సాఫ్ట్‌వేర్ మేనేజర్‌లో లోహిత్ తెలుగో నోటో తెలుగో వేసి బ్రౌజర్ మూసి తెరవండి. టైపు చేయడానికి ఐబస్ అనే టైపింగ్ ప్రోగ్రామ్‌తో పాటు దాని ఎం17ఎన్ ప్యాకేజీ వేస్తే ఇన్‌స్క్రిప్ట్, ఆర్‌టీఎస్, యాపిల్ పద్ధతులన్నీ వస్తాయి.

ఇంగ్లిష్ చెత్త కనిపిస్తే అది చాలావరకు, డీటీపీ వాళ్లు వాడే పాత అను ఫాంట్లలో కొట్టిన ఫైలు. అందులో ఉన్నవి యూనికోడ్ (అన్ని కంప్యూటర్లూ గుర్తించే ప్రమాణం) తెలుగు అక్షరాలు కావు. ఇంగ్లిష్ అక్షరాల స్థానాల్లో తెలుగు బొమ్మలు కూర్చోబెట్టిన ఏర్పాటు. ఫైలు చెడలేదు, లైనక్స్ చెడలేదు. యూనికోడ్‌కి మార్చే కన్వర్టర్లు ఉన్నాయి కానీ వత్తుల దగ్గర తప్పులు దొర్లుతాయి, ప్రతి పేజీ కళ్లతో సరిచూడాలి. పెళ్లి పత్రికలు, కరపత్రాలు అచ్చువేసే మా బాబాయి డీటీపీ షాపులో పాతికేళ్ల పని అంతా అను ఫాంట్లలో, పేజ్‌మేకర్ అనే పాత పేజీ కూర్పు ప్రోగ్రామ్‌లోనే ఉంది. లైనక్స్ వేసిపెట్టమని ఆయన మొన్న అడిగాడు. వేయనన్నాను. ఆ కంప్యూటర్‌లో విండోస్ అలాగే ఉంచి, ఇంటర్నెట్ తీగ పీకేసి, ఎస్ఎస్‌డీ ఒకటి మార్చి వచ్చాను.